నిమ్మకాయకు జాగ లేని బండి

బండి పేరు చెప్పను. కంపెనోళ్లకు భయపడి కాదు. ఆ పేరు సక్కగ పలకనీకి ఇన్నేండ్లయినా నా నోరు తిరగలె, గందుకు. మా ఇంట్ల దాన్ని పెద్దబండి అంటం. మా ఇల్లంటే నేను డ్రైవరు పని చేసే ఇల్లు. నా సొంత కాపురం ఖానాపురం హవేలిల, రెండర్రల కిరాయి ఇంట్ల. పొద్దున షేరాటో ఎక్కి పెద్దబండి నడపనీకి పోత, పొద్దుగూకినంక మళ్ల షేరాటోల వస్త. అంత ఎత్తు బండి దిగి ఈ ఆటోల మోకాళ్లు మడుచుకొని కూసుంటే నా అసలు కొలత నాకు రోజూ ఎరుకైతది.

ఒకే కంపెనీ బండి, నాలుగు తరాలు కొన్నరు మా సార్లు. మూడు తరాలు నేనే నడిపిన. నాలుగోది ఇంటికొచ్చిన దినమే, దానికి ఇంక ప్లాస్టిక్ కవర్లు సుత తియ్యకముందే, చిన్నాయన నా భుజం మీద చెయ్యేసిండు. చిన్నాయనంటే మా ఓనరు పెద్దాయన కొడుకు. నలభై దాటినయి, గడ్డంల తెల్లెంట్రుకలు వచ్చినయి. అయినా నాకు వాడు పిల్లగాడే. స్టీరింగు పట్టుడు నేర్పింది నేనే. వాళ్లది కోస్తా దిక్కు నుంచి వచ్చిన కుటుంబం, మాట ఇంకా గట్లనే ఉంటది.

"బాబాయ్, ఇది దానంతట అదే నడుస్తుంది. ఇన్నాళ్లూ కష్టపడ్డావు, ఇక రెస్ట్ తీసుకో. భద్రాచలం పూజ, చర్ల ట్రిప్పు అయిపోనీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నడు.

రెస్ట్ అంటే ఏందో నాకు తెల్వదా? పాల్వంచల ఉండే మా బామ్మర్దికి ఒక కాంట్రాక్టరు గిట్లనే రెస్ట్ ఇచ్చిండు. రెండు నెలల్ల మనిషి ముసలోడైండు. పొద్దున షిఫ్టు బస్సుల చప్పుడు వినపడితే లేచి అంగి తొడుక్కుంటడట, మళ్ల ఇప్పి కొక్కానికి తగిలిస్తడట. ఇంటికొచ్చి మా ఇంటిదానికి చెప్తే అన్నం వడ్డించుకుంట అన్నది: "బండికి కూడా తెలివొచ్చింది. నీకెప్పుడొస్తదో?"

నాకు మండింది. అన్నం తిని పన్న.

మొదటి బండి ముచ్చట చెప్పాలె. దాన్ని లగ్జరీ అన్నోడు అప్పుడు ఒక్కడు లేడు. పాల్వంచ దిక్కు ఏదో ప్రాజెక్టు కట్టనీకి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతా పోతా వేలంల అమ్మిన్రు, పెద్దాయన పాడుకున్నడు. అప్పుడాయన తునికాకు కాంట్రాక్టరు. బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలం వచ్చిందంటే చర్ల అవతల అడవిల ఆకు ఆరబోసే కల్లాల కాడనే మా మకాం. ఆ బండికి రేకు ఒళ్లు, గుడ్డ టాపు. ముందర రెండు గుండ్రటి దీపాలు, ఎవరినైనా సూటిగ చూసే మొఖం. స్పేరు టైరు బానెట్టు మీదనే పన్నట్టు ఉండేది. బంపరంటే బంపరా అది, ఇనుప దూలం! గేరు రాడ్లు రెండు. చిన్న రాడు గుంజితే నాలుగు చక్రాలు ఒక్కసారి పట్టుకునేవి, ఆ పట్టు నీ ముడ్డి కిందనే తెలిసేది. బురదైతే లోపలికే బకెట్టుతోటి నీళ్లు కొట్టి, అడుగున రెండు బిరడాలు పీకితే అంతా కిందికి కారిపోయేది. కడుగుడు అంతే. ఆకు మూటలు మోసింది, మేకలను మోసింది, జరమొచ్చిన కూలోళ్లను భద్రాచలం దవాఖానకు మోసింది. ఏసీ లేదు. ఉన్నదల్లా దుమ్ము. ఇంటికొచ్చినంక ముక్కు చీదితే ఎర్రమన్ను పడేది.

అయితే ఆ బండికి అడవి అంటే ఏందో తెలుసు.

రెండోది హైదరాబాదుల సెకండుహాండు. అప్పటికి పెద్దాయన ఆకు వదిలి ఖమ్మంల మిర్చి వ్యాపారం పట్టిండు. రేకు టాపు వచ్చింది, తలుపులు నాలుగైనయి, మూలలు కొంచెం గుండ్రబడ్డయి. స్పేరు టైరు బానెట్టు మీద నుంచి దిగి ఎనక తలుపుకు ఎక్కింది. లోపల కట్టె రంగు పట్టీ ఒకటి, కింద కార్పెట్. ఈ కార్పెట్ వచ్చిన దినం నుంచే లొల్లి షురువైంది. "చెప్పులు దులుపుకొని ఎక్కు" అన్నరు అమ్మగారు, పెద్దాయన భార్య. అడవి బండి ఎక్కనీకి చెప్పులు దులుపుకునుడు! బిరడాలు పోయినయి కదా, ఇంక నీళ్లు కొట్టే ముచ్చట లేదు. ఏసీ ఉన్నది, అదేమో ఎడమ దిక్కు కూసున్నోళ్ల పాదం మీద బొట్లు బొట్లు కారేది. అయినా ఏడాదికి రెండు మూడు సార్లన్నా చర్ల పోయేది, పాపం.

మూడోది షోరూము నుంచి కొత్తది. సీట్లు తోలువి. మెత్తగ, సల్లగ, కూసుంటే లేవబుద్ధి కాదు, నిజం చెప్పాలె. స్పేరు టైరు బండి కిందికి పోయి దాక్కున్నది. చిన్న గేరు రాడు మాయమై దాని జాగల ఒక గుండీ వచ్చింది. గుండీ చుట్టూ బొమ్మలు: గుట్ట బొమ్మ, బురద బొమ్మ, ఇసుక బొమ్మ, మంచు బొమ్మ. ఖమ్మంల మంచు! రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు మా దిక్కు. ఆ ఎండల సిగ్నల్ కాడ ఆగి ఆ మంచు బొమ్మను చూస్తే కడుపు కొంచెం సల్లబడేది. అన్నేండ్లల్ల ఆ గుండీని నేను తిప్పింది ఒక్కసారి. ఫంక్షన్‌హాలు ఎనక పార్కింగుల వానకు బురదైతే, సరదాకు బురద బొమ్మ పెట్టిన. ఇంటికొచ్చినంక మడ్‌గార్డు మీద మన్ను చూసి అమ్మగారు గొంతు చించుకున్నరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు మనుషులకు చెప్పిన్రు. మా ఇంట్ల అది బండికి చెప్పిన్రు.

గిదీ సంగతి. తరం మారిన కొద్దీ అడవిల పోయే శక్తి పెరిగింది, అడవిల పోయే పని తగ్గింది.

ఇగ నాలుగోది. దీనికి తాళంచెవి లేదు, కార్డున్నది. తలుపులకు పిడి లేదు. దగ్గరికి పోతే పిడే బయటికొచ్చి షేక్‌హాండ్ ఇస్తది. గేరు లేదు, గుండీ లేదు, అన్నీ ఒక పెద్ద తెర మీద. స్పేరు టైరైతే మొత్తానికే లేదు. పంచరైతే పొయ్యనీకి జిగురు సీసా ఇచ్చిన్రు. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులని తెలిసినట్టు, తలుపు తియ్యంగనే బండి మొత్తం కిందికి వంగుతది. దీపాలు నిద్రమత్తుల ఉన్న కండ్ల తీరుగ సన్నగైనయి. అన్నిటికన్నా గమ్మత్తు చెప్త వినుండ్రి. కంపెనోళ్లకు మొదటి బండి మీద మళ్ల ప్రేమ పుట్టింది. పాత మొఖం గుర్తు రావాలెనని బానెట్టు మీద రెండు నల్ల పలకలు పెట్టిన్రు. మొదటి బండి బానెట్టు మీద నిలబడి, టాపు తీసి పేర్చిన ఆకు మూటలకు తాళ్లు కట్టేటోళ్లం. ఈ పలక మీద చెయ్యి ఆనిస్తేనే షోరూము పిల్లగాడు "సార్ సార్, ప్లాస్టిక్" అని ఉరికొచ్చిండు. తలుపుల మీద బోల్టులు కూడా ఉన్నయి, పానా పట్టనీకి పోయిన. బోల్టులు కావు, బోల్టుల బొమ్మలు.

మా పెద్దాయనకు ఒక పట్టింపు. ఏ కొత్త బండి కొన్నా మొదటి ప్రయాణం భద్రాచలం పోవాలె, పూజ కావాలె. అక్కడి నుంచి చర్ల దాటి, తన మొదటి ఆకు కల్లం ఉన్న జాగల ముత్యాలమ్మ గద్దెకు కొబ్బరికాయ కొట్టాలె. నడుమ ఒక వాగున్నది. వంతెన కడతం అని అందరూ అంటరు, వాగు మాత్రం గట్లనే ఉన్నది. ఆ వాగు దాటితేనే బండి మా ఇంటి బండి అయినట్టు. మూడు బండ్లను దాటిచ్చింది నేనే. నాలుగోదాన్ని చిన్నాయన దాటిస్తా అన్నడు. నేను పెద్దాయన పక్కన ఎనక సీట్ల. పెళ్లి పిల్ల తీరుగ చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న, ఏం చెయ్యాలె మరి.

భద్రాచలంల అయ్యగారు బానెట్టు మీద పసుపుతోటి స్వస్తిక్ వేసిండు, కుంకుమ పెట్టిండు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చినం. దిష్టికి నిమ్మకాయ మిరపకాయ దండ కట్టుడు మాత్రం ఎప్పటికీ నా పనే. మొదటి బండికి ఇనుప దూలానికి కట్టిన. రెండోదానికి బంపరు కొనకు. మూడోదానికి నంబరు ప్లేటు సందుల కట్టిన. దీనికి? చుట్టూ తిరిగి చూసిన, నున్నగ బోడగుండు. దారం దూరే సందు లేదు. కోట్లు పెట్టి కొన్న బండికి ఒక నిమ్మకాయకు జాగ లేదంటే ఏం బండి అది! నాకు పంతమొచ్చింది. ఇదే నా ఆఖరి దండనేమో, కడితే మంచిగ కట్టాలె అనుకున్న. రెండు పెద్ద నిమ్మకాయలు, ఏడు మిరపకాయలు, పైన నల్ల ఉన్ని కుచ్చు. ముందు జాలి నడుమ, కంపెనీ గుర్తు కింద ఒక చిన్న సందు దొరికింది. ఇగ వదుల్తనా, మూడు ముళ్లు వేసి కట్టిన.

గుడి వీధిల నుంచి బండి కుయ్ కుయ్ అని ఒకటే మొత్తుకున్నది. "జనం కదా" అన్నడు చిన్నాయన. ఆవులు అడ్డమొచ్చినయి, ఆటోలు అడ్డమొచ్చినయి, అవ్ నిజమే అనుకున్నం. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోంగనే గమ్మునున్నది. దుమ్ముగూడెం దాటినం, చర్ల దాటినం. పోలీసు క్యాంపు కాడ కాపలా ఉన్న పిల్లగాళ్లు బండిని చూసి ఎవరో పెద్ద ఆఫీసరని నిటారుగ నిలబడ్డరు. పెద్దాయన చెయ్యెత్తి దీవించిండు.

వాగు కాడికొచ్చినం. వానలు తగ్గినయి, నీళ్లు మోకాలి కింది దాకానే. మొదటి బండి అయితే చూసి నవ్వేది. చిన్నాయన తెర మీద ఏవేవో నొక్కిండు. బండి ఇంత పైకి లేచింది, వాగు బొమ్మ చూపిచ్చింది, నీళ్ల లోతు లెక్క చెప్పింది. అంతా అయినంక కుయ్‌మని అరిచి, జానెడు కదిలి, దానంతట అదే బ్రేకు కొట్టింది. మళ్ల నొక్కిండు. మళ్ల జానెడు, మళ్ల బ్రేకు. పెద్దాయన తల ముందు సీటుకు తగిలింది.

"ముందు ఏదో అడ్డం ఉందంటోంది నాన్నా" అన్నడు చిన్నాయన.

"వాగురా అది. వాగు అడ్డం కాకపోతే ఇంకేముంటుంది?"

అంగట్లో అన్నీ ఉన్నయి, అల్లుడి నోట్లె శని. కంపెనోళ్లకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. గంతల ఎనక నుంచి ఒక మోపెడు వచ్చింది. మొగుడు, పెండ్లాం, నడుమ బియ్యం సంచి. కోయోళ్లు. ఆమె చీర కొంగు ఎత్తి పట్టుకొని మా బండి దిక్కు చూసి వాళ్ల మాటల ఏదో అన్నది. ఆయన నవ్విండు. నీళ్లు చిమ్ముకుంట అవతలికి పోయిన్రు. మేం ఇవతలనే కుయ్ కుయ్.

ఎనక సీట్ల నుంచి నాకు తెర మీద ఎర్ర గీతలు, నడుమ ఏదో పచ్చగ కనపడ్డది. మ్యాపేమో అనుకున్న. "జర చూసొస్త" అని దిగి ముందటికి పోయిన. పోంగనే తెలిసింది. గాలికి నా నిమ్మకాయల దండ ఊగుతున్నది, సరిగ్గ దాని ఎనకనే నల్లటి గుండ్రటి గాజు బిళ్ల. పక్కకు చిన్న చిన్న బొట్ల తీరుగ ఇంకేవో. అవి బండి కండ్లు. ఆ కండ్లకు నేను మూడు ముళ్లతోటి గంతలు కట్టిన!

ఇక్కడ నిజం చెప్పాలె. "నా దండ వల్లనే బాబూ" అని అరిచి పీకేస్తే అయిపోయేది. కానీ పీకంగనే బండి ముందటికి పోతది, చిన్నాయన వాగు దాటిస్తడు, నాకు రెస్ట్ వస్తది. షిఫ్టు బస్సు చప్పుడుకు అంగి తొడుక్కునే బామ్మర్ది మతికొచ్చిండు. నాకు అడవి మధ్యల, ఆ వాగు ఒడ్డున, ఒక దొంగబుద్ధి పుట్టింది. టైరు చూస్తున్నట్టు వంగిన. పండ్లతోటి దారం కొరికిన. దండను మెల్లగ తీసి అంగి లోపలి జేబుల కుక్కుకున్న. మొఖం గంభీరంగ పెట్టి, నీళ్లను ఒకసారి, ఆకాశాన్ని ఒకసారి చూసి, డ్రైవరు తలుపు కాడికొచ్చిన.

"బాబూ, జర దిగు. వాగు తీరు వేరే ఉన్నది. నేను చూస్త."

చిన్నాయన నన్ను ఒక తీరుగ చూసిండు. దిగి ఎడమ సీట్లకు పోయిండు. ఎనక పెద్దాయనకు దగ్గొచ్చింది, తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. నా ధైర్యానికి ఇద్దరూ బిత్తరపోయిన్రు అనుకున్న.

ఇగ చూడుండ్రి నా వేషాలు. స్టీరింగు కావాలని అటు ఇటు తిప్పిన. "ఇక్కడ రాయుంటది" అన్న, రాయి లేదు. "ఇక్కడ జారుతది" అన్న, జారలె. బండి దాని పని అది చేసుకుంట, ఒక్క నీటి బొట్టు లోపలికి రానియ్యకుంట, అవతలి ఒడ్డుకు ఎక్కింది. నా కాలు పైపైన పెడల్ మీద ఉన్నది, అంతే.

"ఎన్ని మెషీన్లొచ్చినా చెయ్యి చెయ్యేరా" అన్నడు పెద్దాయన.

"అవును నాన్నా. బాబాయ్ లేకపోతే ఇక్కడే ఉండిపోయేవాళ్లం. బాబాయ్ ఉండాల్సిందే" అన్నడు చిన్నాయన.

ఉండాల్సిందే! నా ఛాతి ఎంత ఉబ్బిందంటే లోపల జేబుల నిమ్మకాయలు ఒత్తుకున్నయి. ఇంటికి పోంగనే మా ఇంటిదానికి ఏమేం చెప్పాలెనో మాటలు సుత జతచేసుకున్న. కంపెనోడు ఎక్కడ, నా అనుభవం ఎక్కడ! సంతోషమైంది, దాచుకోను. చాలా ఏండ్లకు గంత సంతోషమైంది.

గద్దె కాడ చిన్నాయన కొబ్బరికాయ పట్టుకొని దిగిండు. పెద్దాయనకు నడక తక్కువ కావాలెనని నేను బండిని మెల్లగ, చాలా మెల్లగ ముందటికి జరిపిన. గంత మెల్లగ జరిగేసరికి బండి కుయ్‌మన్నది, తెర ఎలిగింది. తెర నిండ చిన్నాయన మొఖం. బండి ముందర వంగి, పసుపు కారిన కాడ తుడుస్తున్నడు. గడ్డంల తెల్లెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ముక్కు మీద చెమట బొట్టు కనపడుతున్నది. వేలికున్న ఉంగరం రాయి కనపడుతున్నది. అబ్బ, ఏం కెమెరా పెట్టిన్రు అని ముందు మెచ్చుకున్న.

తర్వాత బ్రేకు మీద కాలేసిన.

వాగు కాడ నేను వంగింది గూడ అక్కడనే కదా. నా మొఖం గూడ గింతే పెద్దగ, గింతే సాఫుగ కనపడ్డది. దారం కొరికిన పండ్లు, ఆ గార పట్టిన పండ్లు. చుట్టూ దొంగచూపులు చూసుడు. దండ జేబుల కుక్కుకునుడు. నీళ్లను, ఆకాశాన్ని చూసి మొఖం గంభీరంగ పెట్టుకునుడు. తండ్రీ కొడుకులు ఇద్దరూ కూసొని చూసిన్రు, ఏసీల. పాత బండ్లల్ల బానెట్టు అవతల డ్రైవరు ఏం చేస్తడో దేవునికే తెలిసేది.

తలెత్తి అద్దంల చూసిన. పెద్దాయన కండ్లు నన్నే చూస్తున్నయి. జల్దీ కిటికీ దిక్కు తిరిగి, గద్దెకు దండం పెట్టుకున్నడు.

నవ్వొచ్చిన దగ్గు అది. వాళ్లు మెచ్చుకున్నది నా చెయ్యిని కాదు, నా తిప్పలను చూసి జాలిపడ్డరు. తిట్టినా బాగుండు. "దొంగముండాకొడకా, పరువు తీసినవ్" అంటే సుత ఓర్చుకుంటుంటి. మొఖం తుడుచుకుందామని చెయ్యి పెట్టిన, ఆ చెయ్యికి మిరపకాయ ఘాటున్నది. రెండు కండ్లు భగ్గుమన్నయి, నీళ్లు కారినయి.

"ఏంటి బాబాయ్, కళ్లల్లో నీళ్లు?" కొబ్బరి చిప్ప ఇచ్చుకుంట అడిగిండు చిన్నాయన.

"దుమ్ము బాబూ" అన్న. వాన పడి తడిసిన అడవిల, అద్దాలన్నీ మూసిన బండిల.

"అవును, దుమ్మే" అన్నడు వాడు.

తిరుగు ప్రయాణంల నేనే నడిపిన. దొంగకు తేలు కుట్టినట్టు నేను, తేలును చూసి చూడనట్టు వాళ్లు. పాల్వంచ కాడ షిఫ్టు దిగినోళ్ల బస్సులు అడ్డమొచ్చినయి. ఆ బస్సుల ఎనక మెల్లగ పోతా పోతా నేను మనసుల ఒక మాట తయారు చేసుకున్న: బాబూ, నేను చేసింది తప్పు, నువ్వు చూసినవని నాకు తెలుసు. దయతలచి ఇచ్చే కొలువు నాకొద్దు, నీ బండి నువ్వే నడుపుకో. మంచి మాట అది. కొత్తగూడెం దాటినంక ఇంకా మంచిగ దిద్దిన. ఖమ్మం వచ్చేసరికి కంఠతా వచ్చింది.

ఇంటి ముందర బండి వంగింది. పెద్దాయన దిగి లోపలికి పోయిండు. నేను కార్డు తీసి చిన్నాయన చేతుల పెట్టిన. వాడు దాన్ని చూసి మళ్ల నా చేతులనే పెట్టిండు.

"రేపు ఎన్నింటికి వస్తావు బాబాయ్?" అన్నడు, నా మొఖం చూడకుంట.

నోరు తెరిచిన. కంఠతా వచ్చిన మాట ఒక్క ముక్క రాలె.

"ఏడింటికి వస్త సార్" అన్న.

ఆ పిల్లగాన్ని నేను సార్ అన్నది అదే మొదలు. వద్దని వాడు కూడా అనలె.